కింది అంతస్తులో పెద్ద గది

మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు ఎల్బీనగర్‌లో మా బస్సును ఆపేశారు. తెలంగాణ ఉద్యమం రోజులు, ఆ రోజు బంద్. మేం దిగాల్సిన దిల్‌సుఖ్‌నగర్ దాకా తాతయ్య నడవలేడు. తొమ్మిది మందిమి పక్కనే ఉన్న లాడ్జిలోకి వెళ్లాం.

గదికి ముగ్గురే అన్నాడు మేనేజరు. మూడు గదులు, మూడు అంతస్తుల్లో. తాతయ్యకు అప్పటికే మతిమరుపు. కొత్తచోట నిద్ర లేచి మేమంతా కనిపించకపోతే వెతుక్కుంటూ వీధిలోకి వెళ్లిపోయేవాడు. అందరికీ సరిపోయే గది కింద ఒకటే ఉంది. అందులో అప్పటికే నల్గొండ వైపు కుటుంబం ఒకటి దిగి ఉంది.

మా యాస బయటపడుతుందని అమ్మ మమ్మల్ని మాట్లాడొద్దంది. తాతయ్య మాత్రం, "ఏవమ్మాయ్, మనింటికి ఎప్పుడెళ్తాం?" అని గట్టిగా అడిగాడు. మేనేజరు మాటలన్నీ వింటూ అక్కడే బల్ల మీద కూర్చున్న ఆ కుటుంబపు ఇల్లాలు నవ్వింది.

"ఆంధ్రోళ్లా అక్కా?"

"అవునండి," అంది అమ్మ మెల్లగా.

"మీ బస్సు ఆపినోళ్లల్ల మా ఆయన గూడ ఉన్నడు. గందుకే మా రూము మీరు తీస్కోండ్రి. మేం మీదికి పోతం."

"మీ ఆయన ఏమంటారో?"

"ఏమంటడు? పొద్దంతా రోడ్డు మీద నిలవడ్డోడు, మెట్లెక్కలేడా?"

అని లేచి తన సంచులు బయట పెట్టింది. ఆ రాత్రి అమ్మ తలుపుకు అడ్డంగా దుప్పటి పరుచుకుని పడుకుంది. తాతయ్య ఎటూ పోలేదు.

తర్వాత ఏ ఊళ్లో దిగినా అమ్మ ముందు పెద్ద గదే అడిగేది. తాతయ్య పోయాక కూడా తలుపు దగ్గరే పడుకునేది. నిరుడు అమ్మ పోయింది. ఇప్పుడు మేం ఇద్దరికో గది తీసుకుంటున్నాం. తలుపుకు అడ్డంగా ఎవరూ పడుకోవడం లేదు.