తల్లి చదువు అన్న గడి

గణాంక శాఖలో ముప్పయ్యేళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాక, చోడవరంలో మా వీధి అంగన్‌వాడీకి కుటుంబ వివరాల పట్టీలు నింపిపెట్టే పనిని కోరి తీసుకున్నాను. టీచరుకు పిల్లలతోనే సరిపోయేది. నాకు తప్పుల్లేని పట్టీని చూస్తే కడుపు నిండేది. తండ్రి చదువు, తల్లి చదువు, ఇంటి ఆదాయం, బిడ్డ హాజరు: ఈ నాలుగు గడులు చూస్తే చాలు, ఏ బిడ్డ ఎంతవరకు చదువుతుందో చెప్పగలననుకునేవాణ్ణి.

ఆ పట్టీలో చెరకు కోతకు వెళ్లే దంపతుల కవలలు ఉండేవారు. నాలుగేళ్లు నిండిన అమ్మాయి, అబ్బాయి. వివరాలు రాసిన రోజున తండ్రి వేలిముద్ర వేశాడు. వెంటనే తల్లీ వేసింది. ఇద్దరి చదువు గడుల్లోనూ సున్నా రాశాను. అడగలేదు, ముద్రలు కళ్లెదుటే ఉన్నాయి కదా.

బడులు తెరిచే ముందు ఆ తండ్రి కాన్వెంటు దరఖాస్తు పట్టుకుని అంగన్‌వాడీకి వచ్చాడు. భార్య గుమ్మం దగ్గరే నిలబడింది.

"కాస్త రాసిపెట్టండి బాబూ. మా గుంటడికి."

"మరి అమ్మాయికి?"

"ఇద్దరికీ ఫీజు నా వల్ల అవదు. గుంటకి తొందరేటి? ఇక్కడ గుడ్డు పెడతన్నారు, పాలిస్తన్నారు. ఇంకో ఏడాది ఉంటాది."

వాదించడం నా స్వభావం కాదు. హాజరు చదివి వినిపించాను. కిందటి నెల ఇరవై నాలుగు పనిదినాల్లో అమ్మాయి ఇరవై రెండు రోజులు వచ్చింది, అబ్బాయి పదమూడు.

"ఆడికి ఆట పిచ్చి బాబూ. కాన్వెంటు వేన్ ఎక్కితే సదువు అదే వస్తాది."

"పాఠం డ్రైవరు సెప్తాడేటి?" అంది టీచరు.

"ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలు," అంటూ నేను పట్టీ చూపించబోయాను. తల్లి లోపలికి వచ్చి, నా చేతిలోని కాగితం మీదికి వంగి, తడబడకుండా చదివింది.

"తల్లి చదువు, సున్నా."

కాగితం మీంచి తలెత్తి నావైపు చూసింది.

"నేను ఏడో తరగతి సదివేను బాబూ."

"మరి వేలిముద్ర ఎందుకు వేశావమ్మా?"

"ఆయన ఏలుముద్ర ఏసినాక, పక్కన నేను సంతకం పెడితే బాగుంటాదేటి?"

భర్త తల దించుకుని, అంతలోనే నవ్వేశాడు. "ఒసే, నాకు సదువు రాదని ఊరందరికీ తెలుసు. నువ్వేటి కొత్తగా దాసేది?"

"దాసేను కదా. రేపు నీ కూతురూ ఇలాగే ఆడి ఎనకాల నిలబడతాది. పంపితే ఇద్దర్నీ పంపు, నేకపోతే ఇద్దర్నీ ఇక్కడే ఉంచు. ఇంటికాడ సదువు నేను సెప్తాను."

అతడు దరఖాస్తును అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇద్దరూ ఇక్కడే ఉంటారు టీచరమ్మా. ఒకటో తరగతికి ఇద్దర్నీ ఒక్కరోజే గవర్నమెంటు బడిలో ఏసేద్దాం."

నా ఉద్యోగ జీవితంలో కొట్టివేతలు అరుదు. ఆ రోజు సున్నా కొట్టివేసి, ఏడు రాసి, పక్కన పొడి సంతకం చేశాను. తరువాతి వారమంతా మిగిలిన ఇళ్లకు తిరిగి, తల్లులను విడిగా అడిగాను. మరో మూడు సున్నాలు పోయాయి. అంత ఇష్టంగా నేను ఏ తప్పునూ దిద్దలేదు.

తండ్రి దరఖాస్తు జేబులో పెట్టుకున్న మరునాడే కవలలు అంగన్‌వాడీకి వచ్చారు. వేన్ ఎక్కుతానని వీధంతా చెప్పుకున్న అబ్బాయి మాత్రం గుమ్మంలోనే కూలబడి ఏడుపు అందుకున్నాడు.

"నా బండేదీ?"

"నడిసి వచ్చేసేం కదరా, ఇంక బండెందుకు? లే, గుడ్డు సల్లారిపోతాది," అంటూ అమ్మాయి వాణ్ణి రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.