దిగండి బాబూ

మా మేస్త్రిగారికి ఓ అలవాటుండేది. నిడదవోలు రోడ్డులో ఆయన షెడ్డుకి గేరుబాక్సు పోయిన పాత పికప్పులు వచ్చేవి. స్క్రాపుకి పోయిన బండి నుంచి మరో గేరుబాక్సు తెచ్చి వేసేవారు. బోల్టులన్నీ బిగించాక డ్రైవరు పక్క డోరు తెరిచి, ఖాళీ సీటుకేసి చూస్తూ, "దిగండి బాబూ. ఇక వీళ్లు తోలుకుంటారు," అనేవారు.

నేను నవ్వితే ఆయన నవ్వేవారు కాదు. "ఆ స్క్రాపు బండి పాత డ్రైవరు ఏళ్ల తరబడి ఈ గేర్లే వేసుకున్నారండి. మనం చెప్పకపోతే ఎలా దిగుతారు?"

ఆ మాట అనగానే బండి కుడిపక్క కాస్త పైకి లేచేది. స్ప్రింగులు సర్దుకుంటున్నాయని అనుకునేవాణ్ణి.

మొన్న వేసవిలో ఆయన పోయారు. ఆయన సొంత పికప్పుని ఇంట్లోవాళ్లు స్క్రాపుకి ఇచ్చేశారు. రొయ్యలు మోసే నా బండికి గేరుబాక్సు పోతే, వేరే మెకానిక్కు ఆ పికప్పుదే తెచ్చి వేశాడు. పని అవగానే చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.

నేనే డోరు తెరిచాను. "దిగండి మేస్త్రిగారూ," అన్నాను. ఎండలో అలాగే నిలబడి చూశాను.

బండి లేవలేదు.

"పోనీ, మీరే తోలండి," అని డోరు మెల్లగా మూసి, అటు తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను.