గుడ్రూన్ కట్టిన ఎర్రదారం

ఆల్‌షోన్ సరస్సు చుట్టూ ఉన్న పదిహేడు ఇళ్లలో గుడ్రూన్ మాటకు తిరుగులేదు. అరవై మూడేళ్ల గట్టి మనిషి, నోరు ఇంకా గట్టిది. వేరే నీళ్లలో ముంచిన, రొయ్యలు పట్టే వల బుట్ట ఎవరిదైనా సరే, ముందు ఆమె పెరట్లోని పెద్ద డేగిసాలో ఉడకాలి, ఆ తర్వాత ఆవిరిస్నానపు గదిలో ఒక రోజంతా ఎండాలి. అప్పుడుగానీ దానికి ఎర్రదారం కట్టేది కాదు. దారం లేని బుట్టతో పడవెక్కినందుకు ఆ ఇళ్లవాళ్ల రొయ్యల సంఘం అధ్యక్షుడు బెర్తిల్‌నే ఒకసారి మోకాలి లోతు నీళ్లలో నిలబెట్టి దులిపేసింది.

అదంతా వట్టి చాదస్తం కాదు. ఆ సరస్సులోవి పీతలకున్నట్టు డెక్కలుండే నాటు రొయ్యలు. చుట్టుపక్కల సరస్సుల నిండా జనం తెచ్చి వదిలిన అమెరికా రొయ్యలే. వాటి ఒంట్లో ఒక బూజు తెగులు దాక్కుని ఉంటుంది. వాటిని పెద్దగా బాధించదు. నాటు రొయ్యకు తగిలిందా, ఒక్కటీ మిగలదు. దాన్ని మోసుకురావడానికి ఒక తడి బుట్ట చాలు.

పోయిన ఆగస్టులో గుడ్రూన్ చెల్లెలింటికి వెళ్లి, అక్కడి సరస్సులో మూడు రోజులు సరదాగా బుట్టలు వేసింది. తిరిగొచ్చేసరికి ఇక్కడ రొయ్యల వేట మొదలయ్యే రోజు. అందరూ పడవల్లో కూర్చుని ఆమె కోసమే చూస్తున్నారు. డేగిసా కాగాలంటే గంట పడుతుంది. కారు మీద ఎండలో వచ్చాయిగా, ఎండిపోయుంటాయిలే అనుకుంది. తన బుట్టలకు తనే ఎర్రదారాలు కట్టుకుంది. ఊరందరినీ తనిఖీ చేసే మనిషిని తనిఖీ చేసేదెవరు? బుట్టను నీళ్లలోకి దించుతుంటే అడుగున మడతపడిన వల చేతికి చల్లగా, తడిగా తగిలింది. అయినా వదిలేసింది.

నాలుగు వారాలకు, పగటిపూట బయటికి రాని రొయ్యలు మిట్టమధ్యాహ్నం ఒడ్డు రాళ్ల మీద తూలుతూ కనిపించాయి. మరో పది రోజులకు సరస్సులో ఒక్క రొయ్య లేదు. తెగులేనని ప్రయోగశాల తేల్చింది. ఎవరు తెచ్చారన్నది మాత్రం ఊరే తేల్చేసుకుంది. సిక్స్తెన్ తెచ్చాడట. భార్య పోయాక సరస్సే లోకంగా బతుకుతున్న డెబ్బై ఏళ్ల ముసలాయన. ఒకసారి విందులో నాలుగు గుక్కలు ఎక్కువై, "మనమూ అమెరికావే వేసుకుంటే గొడవుండదు కదా" అని నోరు జారాడు. అదే సాక్ష్యమైంది. కొనుక్కొచ్చిన రొయ్యలతో చేసుకున్న ఆ ఏటి విందుకు ఆయన్ని పిలవలేదు. అక్టోబరులో సంఘం నుంచి వెలేసి, పడవ కూడా దించనివ్వకూడదని సమావేశం పెట్టారు. గుడ్రూన్‌కు అన్నం సహించలేదు. నోరు విప్పితే పరువు పోతుంది, విప్పకపోతే ఆ ముసలాయన బతుకు పోతుంది.

చివరికి లేచి నిలబడింది.

"తెగులు తెచ్చింది నేను. మా చెల్లెలి దగ్గర ముంచిన బుట్టలు ఉడకబెట్టకుండా దించాను."

బెర్తిల్ మెల్లగా నవ్వాడు. "నువ్వా? నా చెప్పులు కూడా ఉడకబెట్టించావు కదమ్మా తల్లీ. మాకేమన్నా పిచ్చా, నమ్మడానికి?"

"నిజమే చెబుతున్నాను బెర్తిల్. వల తడిగా ఉందని తెలిసే వదిలాను."

"వాడి మీద జాలైతే జాలని చెప్పు. నింద నెత్తినేసుకుంటావెందుకు?"

పక్కనున్నావిడ ఆమె వీపు నిమిరింది. "మనసంటే నీదే గుడ్రూన్."

ఒట్టు వేసింది. అరిచింది. తేదీ చెప్పింది. ఆమె ఎంత చెబితే వాళ్ల కళ్లు అంత చెమర్చాయి. ఇన్నేళ్లుగా ఇటుక మీద ఇటుక పేర్చి కట్టుకున్న మంచిపేరులోంచి బయటికి రావడానికి ఆమెకు దారి దొరకలేదు. వెలేయాలని పదిహేను చేతులు లేచాయి.

అటునుంచి అటే సిక్స్తెన్ దగ్గరికి వెళ్లింది. ఆయన పడవను ఒడ్డుకు లాగి బోర్లిస్తున్నాడు.

"బెర్తిల్ ఫోన్ చేశాడులే," అన్నాడు. "నువ్వేం చెప్పావో కూడా చెప్పాడు."

"అది నిజం సిక్స్తెన్. నేనే."

ఆయన చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఆమె చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇంతమందిలో నా కోసం అబద్ధమాడింది నువ్వొక్కదానివే. నాకది చాలు."

"అబద్ధం కాదయ్యా."

"సర్లే, కాదులే. లోపలికి రా, కాఫీ పెడతాను."

గుడ్రూన్ చేయి వెనక్కి తీసుకోలేకపోయింది.