తాబేలు బయటపెట్టిన చీర ముక్క

మాది కృష్ణపట్నం దగ్గర చేపలు పట్టుకుని బతికే పల్లె. పోయిన చలికాలం ఒక పొద్దున అటవీశాఖ మేడమ్ ఒకామె వచ్చి, గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే తాబేళ్ల గురించి చెప్పింది. చిరిగిన వలలు ఒడ్డున పారేస్తే అవి చుట్టుకుని చచ్చిపోతాయంట. నేను నోరు మూసుకుని కూర్చోవచ్చు గదా! లేచి, "మా ఊళ్లో అట్టాంటోళ్లు లేరు మేడమ్. అదంతా పక్కూరోళ్ల పని" అన్నా. అందరూ చప్పట్లు కొట్టారు.

అంతలో ఒడ్డు నుంచి కేకలు. పరిగెత్తి చూస్తే పెద్ద తాబేలు ఒకటి వల ముక్కలో చిక్కి కొట్టుకుంటోంది. ఎవరి వలో గుర్తు తెలియడానికి మేం ఇంటికో రంగు గుడ్డపేలిక కడతాం. దీనికున్నది ఆకుపచ్చ జరీ అంచు. వారం కిందట నేనే పారేసిన వల అది! సాయం చేస్తున్నట్టు కూర్చుని వల కోస్తా కోస్తా, పేలికను కొంగులో దాచబోయా.

మా చిన్నత్త నా చెయ్యి పట్టుకుంది. "ఏందమ్మే, ఇది నీ పెళ్లికి నేను పెట్టిన చీర గదా!"

మేడమ్ నవ్వాపుకోలేక అటు తిరిగింది. తాబేలుకు పసుపు కుంకుమ పెట్టి, లెంపలేసుకుని, నలుగురం పట్టి నీళ్లలో వదిలాం.

ఇప్పుడు చిరిగిన వల ఏదైనా ఇంటికే మోసుకొస్తున్నా. తాబేలైతే నన్ను క్షమించి వెళ్లిపోయింది గానీ, చిన్నత్త క్షమించలా. మొన్న మా గృహప్రవేశానికి స్టీలు బిందె తెచ్చి అందరి ముందూ నా చేతిలో పెట్టింది.

"దీన్ని వలకు ఎట్టా కడతావో చూస్తా!"