వెనక సీట్లోంచి అన్న మాట

కాలు ఎలా విరిగిందని ఎవరు అడిగినా మా ఆయన చెప్పేది ఒకటే. స్నోమొబైల్ ఒరిగింది, పాత మోటారుసైకిల్ అలవాటు కొద్దీ కాలు కింద పెట్టాను, అంతే. మంచు మీద నడిపే ఆ బండికి వెనక సీటు కూడా ఉంటుందనీ, ఆ రోజు అందులో నేనున్నాననీ ఎవరికీ తట్టదు. తట్టకపోవడమే మేలనుకుని పది నెలలు నోరు మూసుకున్నాను.

మేముండే ట్రాయ్ ఊళ్లోని మా తెలుగు చర్చి నుంచి నాలుగు కుటుంబాలం ఫిబ్రవరిలో మిషిగన్ ఉత్తరానికి వెళ్లాం. బళ్లు అద్దెకిచ్చే తెల్లాయన ముందు అరగంట క్లాసు పీకాడు. ఇంజన్ ఆపే తాడు కోటుకి తగిలించుకోవాలి. మనిషి పడితే తాడు ఊడి ఇంజన్ ఆగుతుంది. ముందు బండికి ఎడంగా ఉండాలి. ఎంత గట్టిగా గడ్డకట్టినట్టున్నా లేక్ మీదికి పోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, బండి ఒక పక్కకి ఒరిగితే ఒంటిని రెండో పక్కకి వాల్చాలే గానీ కింద కాళ్లు ఆనించే పలకల మీద నుంచి వాటిని తియ్యకూడదు. మావాళ్లు సగం మంది సెల్ఫీల్లో ఉన్నారు. మా ఆయన మాత్రం కాళ్ల సంగతి ఇంకోసారి అడిగి మరీ చెప్పించుకున్నారు. కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజనీరు కదా, జాగ్రత్తల విషయంలో మహా చాదస్తం. నా హెల్మెట్ పట్టీ రెండుసార్లు లాగి చూస్తే నేను విసుక్కున్నాను కూడా.

పెళ్లయిన కొత్తలో గుంటూరులో ఐదేళ్లు ఆయన మోటారుసైకిల్ వెనక కూర్చున్నాను. వానాకాలం వస్తే మా సందంతా గోతులే. బండి ఒరిగినప్పుడల్లా ఆయన భుజం మీద కొట్టి, కాలు పెట్టండి, కాలు పెట్టండి అనేదాన్ని. పెట్టేవారు. ఒక్కసారి కూడా పడలేదు. వెనక కూర్చున్న పెళ్లాలందరూ చేసే పనే అది. దానికి బుర్ర అక్కర్లేదు, నోరుంటే చాలు.

ఆ రోజు పెద్ద వేగం కూడా లేదు. ఒక మలుపులో ఎడమ పక్క మంచు జారి, బండి మెల్లగా అటు ఒరగసాగింది. ఆయన ఒంటిని కుడివైపుకి వాల్చారు. కాళ్లు రెండూ పలకల మీదే ఉన్నాయి. అది నేను కళ్లారా చూశాను. చూస్తూనే భుజం మీద కొట్టి అరిచాను.

"కాలు పెట్టండి!"

పెట్టారు. కాలు మోకాలి దాకా మంచులో దిగబడి అక్కడే ఉండిపోయింది, బండి వచ్చి దాని మీద పడింది. చెరుకుగడ విరిచినట్టు చప్పుడు. తాడు ఊడి ఇంజన్ ఆగింది కాబట్టి అంతటితో పోయింది. నేను పక్కన మెత్తటి మంచులో పడ్డాను. నాకు చిన్న గీత కూడా పడలేదు.

తర్వాత జరిగినవన్నీ గుర్తున్నాయి గానీ, ఎవరికో జరిగినట్టే గుర్తున్నాయి. అంబులెన్సులో ఆయన గ్లవ్ పట్టుకు కూర్చున్నాను. ఆస్పత్రిలో ఫారాలు నింపాను. ఈ సిస్టర్‌కి ఎంత ధైర్యమో అన్నారు నన్ను చూసి మా చర్చివాళ్లు. ధైర్యమా, నా బొందా! లోపల ఏమీ లేదు. డాక్టర్ ఎలా జరిగిందని అడిగితే ఆయన అలవాటన్నారు, నేను గోడ వైపు చూశాను. రెండు ఆపరేషన్లు చేసి కాల్లో రాడ్ వేశారు. బ్రేకులు పరీక్షించే ట్రాక్ మీదికి ఇక పంపలేమని ఆఫీసులో డెస్కు పని ఇచ్చారు. నాకు పొద్దస్తమానం ఒకటే ఆలోచన. ఆ ఇంజన్ మోతలో నా మాట ఆయనకు వినిపించిందా? వినిపించకపోతే అది నిజంగానే అలవాటు. వినిపిస్తే మాత్రం ఆ కాలు నా చేత్తో నేను విరిచినట్టే. అడుగుదామని దగ్గరికెళ్లి, మాత్రలిచ్చి వచ్చేసేదాన్ని.

డిసెంబరులో మళ్లీ ట్రిప్ అన్నారు. ఆరాధన అయ్యాక, వెళ్లేవాళ్లకి జాగ్రత్తలు చెప్పమని పాస్టర్‌గారు మా ఆయన్ని నిలబెట్టారు. చేతికర్ర మీద ఆనుకుని, తాడు దగ్గర్నుంచి అన్నీ వరసగా చెప్పారు. కాళ్ల సంగతి వచ్చేసరికి, ఇంత తెలిసీ మీరెందుకు పెట్టారు బ్రదర్ అని ఎవరో సిస్టర్ అడిగింది. అలవాటండీ, అన్నారు ఎప్పటిలాగే. నేను కుర్చీలోంచి లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ తెలియదు.

"అలవాటు కాదు. నేనే పెట్టమన్నాను."

ఆయన నా వైపు చూడలేదు. వెనక కూర్చునేవాళ్లు కూడా ఆ క్లాసు వినాలనీ, మలుపులో నడిపేవాళ్లకి ఏమీ చెప్పకూడదనీ, మిగతా జాగ్రత్తల్లాగే మామూలుగా చెప్పి ముగించారు.

బయటికొచ్చి కారు దాకా నడుస్తూ అడిగాను, ఆ రోజు నా మాట వినిపించిందా అని.

"వినిపించింది. లేకపోతే పెట్టేవాణ్ణి కాదు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమండీ?"

"చెప్తే కాలు బాగవుతుందా?"

ఏడుపు రావాలి అప్పుడు. రాలేదు. పార్కింగ్ లాట్ నిండా కరిగి మళ్లీ గడ్డకట్టిన మంచు. ఎక్కడ గరుగ్గా ఉందో, ఎక్కడ కాలు జారుతుందో నా వైపు నుంచి బాగానే కనబడుతోంది. పెదాలు బిగబట్టుకుని నిలబడ్డాను. ఆయన కర్ర ఆనించి, ఆ కాలు కొంచెం పైకెత్తి ఆగారు.

"చెప్పు," అన్నారు. "ఎక్కడ పెట్టను?"