మెతుకులతో అంటించిన కవరు

రాయదుర్గం మెట్రోలో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఫోన్లోనే జవాబులు రాసి, వేలితో ఒక్కసారి తాకి కాలేజీకి పంపేసింది. నాకు మా చిన్నత్త గుర్తొచ్చింది.

డెబ్బైల్లో మాదాపూర్ రాళ్ల గుట్టల మధ్య ఒక పల్లె. మా నాన్న చెల్లెలు చిన్నత్త, తానెన్నడూ చూడని కాలేజీ నుంచి పోస్టులో వచ్చే పాఠాలతో బి.ఏ. చదివేది. ఆ కాగితాలు సైక్లోస్టైల్ సిరా వాసన కొట్టేవి. జవాబులు రాసి గడువులోగా బుక్‌పోస్టులో పంపితేనే పరీక్షకు కూర్చోనిస్తారు. బడికి పోతూ ఆ కవరు పోస్టుడబ్బాలో వేయడం ఎనిమిదేళ్ల నా పని. ఒకనాడు దాని మూత అంటించలేదని చూశాను. దారిలో కాగితాలు జారిపోతాయని భయమేసి, సద్దిలోని అన్నం మెతుకులు మెదిపి గట్టిగా అంటించి వేశాను.

తక్కువ స్టాంపుతో పోయే బుక్‌పోస్టు కవరు అంటించకూడదట, లోపలేముందో పోస్టాఫీసువాళ్లు తెరిచి చూడగలగాలట. గడువు దాటాక అది తిరిగొచ్చింది. అత్తకు ఆ ఏడు పరీక్ష రాసే వీలు పోయింది.

"పోస్టుల వచ్చె, పోస్టుల్నే పాయె! గిదేం సదువే?" అన్నాడు తాత. "గా కవరు ఎవరంటించిండ్రు?"

నేను తలుపు వెనక్కి జరిగాను. అత్త మూత కింద ఎండిన మెతుకును గోటితో గీకుతూ, "నేనే నాయినా, సోయి లేక అంటించిన" అంది.

మరుసటి ఏడు మళ్లీ మొదటి పాఠం జవాబులు నా చేతికే ఇచ్చింది.

"జర పైలం బిడ్డా. ఈసారి మెతుకులన్నీ నువ్వే తిను," అని నవ్వింది.

నేనూ నవ్వి పరుగెత్తాను. తప్పు నాదేనని ఆ రోజూ చెప్పలేదు, ఆమె ఉన్నన్నాళ్లూ చెప్పలేదు.