మా మామ్మ ఓటీపీ ఎవరికి వెళ్ళింది

"వంతల సుక్రమ్మా! సుక్రమ్మ తరపున ఎవరున్నారు?"

సచివాలయం మేడమ్ అలా పిలవగానే మా మామ్మ కన్నా ముందు నేను లేచాను. చున్నీ సర్దుకుని, ఫైలు చంకలో పెట్టుకుని, పెద్ద ఆఫీసరు దగ్గర పీయేలాగా నడిచాను. ఆ నడక తలుచుకుంటే ఇప్పుడు నాకే సిగ్గేస్తోంది. ఎందుకంటే మా మామ్మ చేతికి కార్డు వచ్చింది గానీ, నాకు మాత్రం ఊళ్ళో తలెత్తుకుని తిరిగే దారి లేదు. సంతలో ఉల్లిపాయలు అమ్మే ఆవిడ కూడా "ఏమ్మా సలోమీ, ఓటీపీ వచ్చిందా?" అని అడుగుతోంది. ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్తాను, టీ చల్లారేలోపే అయిపోతుంది.

నా సంగతి మీకు తెలిసిందే కదా. పదో తరగతి పాసయ్యాను, లెక్కల్లో బొటాబొటి మార్కులతో ఒడ్డున పడ్డాను. అయినా మా ఊళ్ళో ఏ ఫారం నింపాలన్నా నేనే. రేషన్, పింఛను, పట్టా కాగితం, ఏదైనా సరే "సలోమిని పిలవండి" అంటారు. ఆ పిలుపు వింటే నాకు పొద్దున్నే పొగమంచులో కొండ మీద నిలబడినట్టు ఉంటుంది, కింద అంతా నాదే అనిపిస్తుంది.

మామ్మది మాత్రం చిన్న సంగతి కాదు. కాఫీ గింజల్లో నల్లవీ పుచ్చువీ ఏరడంలో మా ఊళ్ళో ఆవిడ తర్వాతే ఎవరైనా. అలాంటి మనిషి ఈ సంవత్సరం గింజల్ని వేళ్ళతో తడిమి ఏరుతోంది. కంటి క్యాంపువాళ్ళు చూసి, శుక్లాలతో పాటు నీటికాసులు, అదే గ్లకోమా, కూడా ఉన్నాయమ్మా, ఇది ఇక్కడ అయ్యే పని కాదు, కిందకి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి అన్నారు. సోమవారానికి రమ్మని చీటీ కూడా రాసిచ్చారు. ఆలస్యమైతే ఇప్పటిదాకా పోయిన చూపే కాదు, మిగిలింది కూడా పోతుందట. డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళకి గవర్నమెంటు ఇన్సూరెన్స్ కార్డు ఉంది కదా, అది చేయించుకుని తెస్తే ఆపరేషన్ మొత్తం దాని మీదే అయిపోతుందని చెప్పారు. ఆ కార్డులు రాయడానికి సచివాలయం మేడమ్ మా ఊరు వచ్చింది శుక్రవారం ఒక్కరోజే. మర్నాడు కొండ అవతల ఊరికి వెళ్ళిపోతుంది.

నాకేం బెంగ లేదు. శుక్రవారం పుట్టింది కాబట్టే ఆవిడ సుక్రమ్మ అయింది, మా పెద్దవాళ్ళలో చాలామందికి పుట్టిన వారమే పేరు. క్యాంపు కూడా శుక్రవారమే పడిందంటే ఇంక తిరుగులేదని చెప్పాను. మామ్మ చెయ్యి పట్టుకుని టవర్ బండ ఎక్కించాను. ఊళ్ళో ఫోన్ సిగ్నల్ వచ్చేది ఆ బండ మీదే. అందుకే మేడమ్ టేబుల్, కుర్చీ, ట్యాబు అన్నీ అక్కడికే మోయించింది. ఊరు కూడా వెనకాలే వచ్చేసింది.

మొదటి గండం వయసు. మా మామ్మకి పుట్టిన వారం తెలుసు గానీ ఏడు తెలీదు. రైలు లైను కోసం కొండలు తొలిచే రోజుల్లో రాళ్ళు కొట్టేవాళ్ళకి కుండతో నీళ్ళు మోశానని చెప్తుంది, అదే ఆవిడ బర్త్ సర్టిఫికెట్. ఆధార్‌లో మాత్రం జనవరి ఒకటి అని ఉంది. మా ఊళ్ళో ముసలివాళ్ళందరూ జనవరి ఒకటినే పుట్టారు, మంత్రసాని ఆ రోజు ఎలా తట్టుకుందో ఏమో. మేడమ్ చూసి, డెబ్బై దాటింది, సరిపోతుంది అంది. నేను వెనక్కి తిరిగి మా ఆశా కార్యకర్త దేవమ్మత్త వైపు ఒక నవ్వు పారేశాను. నా పనితనం మీద ఆవిడకి ఎప్పుడూ అనుమానమే.

తర్వాత వేలిముద్ర. కాఫీ పళ్ళు కోసి, చోళ్ళు విసిరి, అడ్డాకులు కుట్టి మామ్మ వేళ్ళు ఏటిరాళ్ళలా నున్నగా అయిపోయాయి. రేషన్ దగ్గరైతే పది వేళ్ళూ పెట్టి చూస్తారు, ఏదో ఒకటి దయ తలుస్తుంది. ఆ రోజు ఒక్కటీ పడలేదు. కంటిపాప చూద్దామంటే పొరలు. ఇక మిగిలింది ముఖం. ట్యాబు ముందు కూర్చోబెట్టి రెప్పలార్పమంటే మామ్మ రెప్పలు బిగించి కూర్చుంది. ఫొటో అంటే కదలకూడదని ఆవిడకి ఎవరో ఎప్పుడో చెప్పారు. ఎలాగో ఆర్పించాం. ముఖం కలవలేదని వచ్చింది.

దేవమ్మత్త ముందుకొచ్చి మామ్మ ముఖంలోకి చూసింది.

"ఒసే సలోమీ, ముసల్దాని ముక్కెరలేవే?"

నిజమే. ఆధార్ ఫొటోలో మామ్మ ముక్కుకి మూడు ముక్కెరలున్నాయి, మా అమ్మమ్మల కాలం నాటి అలవాటు అది. ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళ ఒంటి మీద లోహం ఉండకూడదని ఎవరో అన్నారట. ఇంకా కార్డే రాలేదు, ఈవిడ మూడు రోజుల ముందే తీసి కొంగున కట్టేసుకుంది. మళ్ళీ విప్పి ఒక్కొక్కటీ పెట్టేసరికి పావుగంట. క్యూలో వెనకున్న తాతలు బీడీలు ముట్టించుకున్నారు. మూడూ పెట్టాక చూసినా కలవలేదు. కళ్ళ మీద తెల్లపొర వల్లేమో అంది మేడమ్.

"పర్లేదు. ఓటీపీ ఉంది కదా. ఆధార్‌కి లింక్ అయిన ఫోన్ ఎవరి దగ్గరుంది?"

ఓటీపీ అంటే నా చేతిలో పనే కదా అనుకుని నా ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టాను. మేడమ్ బటన్ నొక్కింది. నా ఫోన్ మోగలేదు. ట్యాబులో నంబరు చుక్కలు చుక్కలుగా వచ్చి, చివర రెండు ఏడులు మాత్రం కనిపించాయి.

ఆ రెండు ఏడులు చూడగానే నా కాళ్ళ కింద బండ కదిలింది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. టైడా స్టేషన్ నుంచి మా ఘాటీ ఎక్కి సంతకి వెళ్ళే జీపు ఒకటుంది, నీలం రంగుది. దాని డ్రైవరు మలుపు దగ్గర హారన్ కొట్టే పద్ధతే వేరు. రెండు చిన్నవి, ఒకటి పొడుగు. కాఫీ ఆరబోసే కళ్ళంలో నేనున్నానని తెలిసే కొడతాడని నాకు గట్టి నమ్మకం. అతనితో ఎప్పుడూ మాట్లాడలేదు. పేరు కూడా తెలీదు, అందుకని నేనే ఆకాశ్ అని పెట్టుకున్నాను. జీపు వెనక అర్జెంటు బాడుగలకి అని పెయింటుతో నంబరు రాసుంటుంది. అది నాకు నోటికి వచ్చు.

రెండేళ్ళ క్రితం మామ్మ ఆధార్‌లో ఫోన్ నంబరు ఎక్కించడానికి మండలం సెంటరుకి నేనే తీసుకెళ్ళాను. అప్పటికి నాకు ఫోన్ లేదు. ఆపరేటర్ మొబైల్ నంబరు అనగానే నా నోటి నుంచి ఆ పదంకెలూ వచ్చేశాయి. నోరు జారిందిలే అని అప్పుడే అనుకున్నాను. రెండేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నదీ అదే.

ఇప్పుడు బండ మీద ఊరంతా ఆ నంబరు ఎవరిదని అడుగుతోంది. ఆపరేటరు తప్పు కొట్టుంటాడని గట్టిగా అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే అందరూ నమ్మి, ఆ మొహం తెలియని అబ్బాయిని పావుగంట తిట్టారు. మేడమ్ అయితే అతని మీద రిపోర్టు రాస్తానంది. నేను మాత్రం ధైర్యం వదల్లేదు. ఫైల్లో పాత రసీదు మీద పూర్తి నంబరుంది, రెండు నిమిషాలు అని చెప్పి, ఫోన్ తీసుకుని బండ ఆ చివరికి వెళ్ళాను.

ఆ నంబరుకి మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఏం మాట్లాడాలో నా దగ్గర ముందే సిద్ధంగా ఉంది. "వర్షం వచ్చేలా ఉంది, ఘాటీలో జాగ్రత్తగా నడపండి" అని. ఎన్నిసార్లు కళ్ళంలో పార తిప్పుతూ రిహార్సల్ చేశానో. అతను హలో అన్నాడు. నేనన్నాను:

"మీకు ఓటీపీ వచ్చిందా?"

వచ్చిందన్నాడు. అయితే చెప్పండి అన్నాను. అటు జీపు పక్కకి ఆపిన చప్పుడు వినిపించింది.

"అమ్మా, నీ గొంతు బాగుంది. కాస్త చదువుకున్నట్టు కూడా ఉన్నావు. ఈ దొంగపనులు మాని కష్టపడి బతకొచ్చు కదా," అని పెట్టేశాడు.

గొంతు బాగుంది అన్నాడు. నిజం చెప్పాలంటే మొదటి ముక్క దగ్గరే నేను ఒక నిమిషం ఆగిపోయాను. మిగతా ముక్కలు అర్థమయ్యేసరికి మళ్ళీ చేశాను. బ్లాక్ చేసేశాడు.

తిరిగొచ్చేసరికి ఆ ఓటీపీ టైము అయిపోయింది. మేడమ్ రెండోది పంపింది. ఈసారి కూడా తప్పితే రేపటిదాకా లాక్ అయిపోతుంది, రేపు నేనుండను అని చెప్పింది. నా ఫోన్‌లో నంబరు చూసి తన ఫోన్ నుంచి తనే చేసింది. గాలి హోరుకి వినపడదని స్పీకర్ పెట్టింది. ఊరు మొత్తం టేబుల్ చుట్టూ వంగింది.

మేడమ్ తన పేరు, ఉద్యోగం, సచివాలయం అన్నీ చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. విని, మేడమ్ అని చెప్పుకునేవాళ్ళే ఎక్కువ మోసం చేస్తున్నారని పోలీసు మీటింగులో చెప్పారండీ అన్నాడు. రెండేళ్ళుగా అప్పుడప్పుడు తన ఫోన్‌కి ఎవరివో ఓటీపీలు వస్తున్నాయట. తన నంబరు మీద ఎవరు ఏం చేస్తున్నారో అని నిద్ర పట్టడం లేదట. వాళ్ళమ్మయితే ఎవర్రా ఆ పిల్ల అని రోజూ నిలదీస్తోందట. స్టేషన్‌లో కంప్లయింట్ రాయించడానికి తెల్లకాగితం కూడా కొని జీపులో పెట్టుకున్నాడట.

అప్పుడు మామ్మ చెయ్యి చాచింది. ఫోన్ ఇటియ్యండి అంది. ఓటీపీ మాటే ఎత్తలేదు. ఏ ఊరు నాయనా అని మొదలుపెట్టింది. ఊరు చెప్పాడు. ఏ ఇల్లు, మీ నాన్న పేరేటి, మీ మామ్మ పేరేటి అని ఒక్కొక్క మెట్టూ దిగింది. అతని పేరు గాసి అని నాకు అక్కడే తెలిసింది. ఆకాశ్ ఆ బండ మీదే చనిపోయాడు. మామ్మ ముఖం వెలిగింది.

"సోంబారి మనవడివా నువ్వు? రైలు లైనుకాడ మీ మామ్మ, నేనూ కలిసే నీళ్ళు మోసినాం రా. ఇప్పుడు నా కళ్ళు పోతన్నాయి. సోమారం ఆపరేసను. ఆ అంకెలేవో సెప్తే నా కార్డు అవుద్దంట."

అటు గొంతు మెత్తబడింది.

"నీకు చెప్తాను మామ్మా. నువ్వు దొంగవి కాదు. కానీ నా నంబరు నీ ఆధార్‌లోకి ఎలా దూరిందో ఒక్క మాట చెప్పమను. అది తెలిస్తేనే చెప్తాను."

అందరూ మళ్ళీ ఆపరేటర్‌ని తిట్టడానికి నోరు తెరిచారు. మేడమ్ ట్యాబు వైపు చూసి, రెండు నిమిషాలే ఉంది అంది. దేవమ్మత్త మాత్రం ఆపరేటర్‌ని తిట్టలేదు. నా వైపు చూస్తోంది.

"ఏటే గుంటా, సెవులు ఎర్రబడ్డాయేటి నీకు?"

మామ్మ కూడా నా వైపు తిరిగింది. ఆవిడకి నేను పొగమంచులో మనిషిలా తప్ప కనపడను. అయినా సరిగ్గా నా కళ్ళలోకే చూసింది. ముక్కెరలు మూడూ పెట్టుకుని, నున్నటి వేళ్ళతో ఫోన్ పట్టుకుని, నా వైపు చాచి నిలబడింది.

"బేగి సెప్పే. నేను సూడాలి కదా."

అప్పటికీ నా మొదటి మాట అబద్ధమే. నోరు జారిందండీ, ఏదో నంబరు చెప్పాను అన్నాను. స్పీకర్ లోంచి అతను, ఏదో నంబరు చెప్తే పదంకెలూ నావే ఎలా అయ్యాయి అన్నాడు. క్యూలో ఒక తాత, న్యాయమే అన్నాడు. మేడమ్, ఒక్క నిమిషం అంది.

నేను ఫోన్ మీదకి వంగాను. ఊరు కూడా నాతో పాటే వంగింది.

"నా పేరు సలోమి. ఆపరేటర్ తప్పేం లేదు, నా నోరూ జారలేదు. మీ జీపు వెనక చూసి బట్టీ పట్టాను. చివరి రెండు ఏడులకీ స్టెప్నీ టైరు అడ్డొస్తే మూడు సంతలు మలుపు దగ్గర కాపు కాశాను. మామ్మ ఆధార్‌కి కావాలనే ఇచ్చాను. ఏదో ఒక రోజు మెసేజ్ వస్తుంది, ఎవరు మీరు అని మీరే ఫోన్ చేస్తారు అనుకున్నాను. రెండేళ్ళయింది, మీరు చెయ్యలేదు. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం గానీ, ముందు ఆ ఆరంకెలూ బేగి చెప్పండి."